కూత పెట్టని చక్రం

పోయిన వారం మిలాదిస్‌ను మనం స్తంభాల మీద పోయే రైలు పట్టాల కింద, పదిమంది చూస్తుండగా, తమ్ముణ్ణి పడేసిన బండి పిడి చేతికిచ్చి వదిలేశాం. ఆ పిడి అందుకున్నప్పుడు ఆమె మొహం ఎలా ఉందో చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను, మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

మిలాదిస్ కదల్లేని ముసలివాళ్ళను వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి చూసుకునే మనిషి. పొద్దున ఒకరికి స్నానం, మధ్యాహ్నం నదికి అవతల ఇంకొకరికి భోజనం, సాయంత్రం మళ్ళీ ఇవతల గుట్ట మీద ఉండే మూడో ఆవిడకు మందులు. న్యూయార్క్‌లో బస్సును నమ్ముకుంటే ఆ మధ్యాహ్నం భోజనం రాత్రికి గానీ అందదు. అందుకని ఆమె కరెంటుతో నడిచే ఒంటిచక్రం ఎక్కుతుంది. కాళ్ళ మధ్య ఒకే ఒక చక్రం, రెండు పక్కలా పాదాలు ఆనించడానికి పలకలు, తొక్కేటప్పుడు చేత్తో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైనున్న పిడి ఎత్తి మొయ్యడానికే. ముందుకు వంగితే పోతుంది, వెనక్కి వాలితే ఆగుతుంది. ఆమెకున్నది చిన్నది, పాతది. ఎత్తు ఎక్కాలంటే రొప్పుతుంది, దిగుడులో వణుకుతుంది, గుంత తగిలితే మనిషిని గాల్లోకి విసిరేస్తుంది. నెమ్మది సంగతి చెప్పనే అక్కర్లేదు, సైకిళ్ళ మీద పిల్లలు దాటుకుంటూ పోతారు. పోయిన నెలలో రెండుసార్లు ఆలస్యమైందని పనిచ్చేవాళ్ళు గట్టిగానే చెప్పారు. వేగంగా పోయేదీ, వణక్కుండా నిలబడేదీ ఇంకోటి చూసుకోక తప్పని స్థితికి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నాలు డైక్‌మన్ వీధి దగ్గర రైలు పట్టాల కింది ఖాళీ జాగాలో ఒంటిచక్రాల వాళ్ళంతా చేరతారు. ముప్పావు వంతు డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళకు పెద్ద రదమేస్. జుట్టు నెరిసినా నడుము వంగని మనిషి, అందరికీ అన్న. అక్కడొక ఆచారం ఉంది. ఎవరైనా కొత్త బండికి మారితే పాతది బజారులో అమ్మరు, గుంపులో దాని అవసరం ఉన్నవాళ్ళకు చేతికి చెయ్యిగా ఇస్తారు. అందుకున్నవాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి చూడకూడదు. అన్న తొక్కిన బండిని పరీక్షించడమంటే అన్నను పరీక్షించడమే. పిడి పట్టుకోవాలి, ఎక్కాలి, అందరూ చప్పట్లు కొట్టాలి. ఈ ఆదివారం రదమేస్ తన బండిని మిలాదిస్‌కు ఇస్తున్నాడు. దాని పేరు నల్లపిల్ల. వెడల్పాటి టైరు, పెద్ద చక్రం, కొండనైనా ఎక్కేస్తుంది.

నెల కిందట అదే నల్లపిల్లను మిలాదిస్ తమ్ముడు విల్కిన్ ఒక్క పూటకని అడిగి తీసుకెళ్ళాడు. నది మీది పాత వంతెన ఎత్తులో, బ్యాటరీ అడుగంటి, అది వాణ్ణి పక్కనున్న ఇనప కటకటాల మీదికి విసిరికొట్టింది. దవడ విరిగింది. ఇప్పుడు పళ్ళకు తీగలు కట్టుకుని, అమ్మ వడగట్టిచ్చే సాంకోచో పులుసు గొట్టంతో పీల్చుకుని బతుకుతున్నాడు. "బండి కూసింది, కుర్రాడే వినలేదు" అని రదమేస్ ఇదే జాగాలో నిలబడి అందరికీ చెప్పాడు.

ఆ కూత సంగతి కూడా చెప్పాలి. శక్తి అయిపోవస్తున్నప్పుడు ఒంటిచక్రం గట్టిగా కూత పెడుతుంది. అది విని వెనక్కి వాలితే బతికిపోతాం. వినకపోతే మోటారు చేతులెత్తేస్తుంది, మనిషి మొహం మీద పడతాడు. బ్యాటరీ తగ్గినకొద్దీ, మోటారు చేతులెత్తేసే ఆ హద్దు ఇంకా తక్కువ వేగానికే వచ్చేస్తుంది. ఇక కథలోకి పోదాం.

"ఎక్కు మరి చెల్లెమ్మా" అన్నాడు రదమేస్ చేతులు కట్టుకుని. "నీ చిక్కుడుగింజల కుక్కర్‌కి ఇవాళ్టితో విశ్రాంతి."

అందరూ నవ్వారు. కూసే బండిని ఆ గుంపులో కుక్కర్ అంటారు. మిలాదిస్ చిన్న బండి మాటిమాటికీ కూస్తుంది కాబట్టి ఆమెకు ఆ వెక్కిరింత కొత్త కాదు.

"అక్కా, ఆ కుక్కర్ మా ఆవిడకిచ్చెయ్యి, ఆదివారం వంటకి పనికొస్తుంది" అన్నాడు ఎర్సీలియో. గుంపులో నోరున్నవాడు వాడే. మళ్ళీ రదమేస్ వైపు తిరిగి, "అవునన్నా, నీ కొత్తదేదీ? నెల నుంచి ఊరిస్తున్నావు. లోపల స్ప్రింగులు, కాఫీ తాగుతూ తొక్కినా చుక్క ఒలకదన్నావు. ఏదీ మరి?"

"ఇంకా రాలేదురా. వస్తుంది."

"ఓడ ఎక్కిందా, లేక ఈదుకుంటూ వస్తోందా?"

రదమేస్ నవ్వలేదు. "నువ్వు ఎక్కమ్మా" అన్నాడు మళ్ళీ.

మిలాదిస్ ఎక్కలేదు. ఆమెకు పొద్దున విషయం గుర్తొచ్చింది. బయల్దేరేముందు విల్కిన్‌తో "ఇవాళ నల్లపిల్లను నాకిస్తున్నారురా" అని చెప్పింది. వాడు గొట్టం పక్కన పడేసి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నొప్పెట్టేలా పట్టుకున్నాడు. "ఏంట్రా, వదులు" అంటే తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, వదిలేసి గోడ వైపు తిరిగాడు. పడ్డ భయం ఇంకా పోలేదు పాపం అనుకుని వచ్చేసింది. కానీ దారి పొడవునా ఆ పట్టు మణికట్టు మీదే ఉంది. వాడు అలా తల అడ్డంగా ఊపడం ఆమె అంతకుముందు ఒక్కసారే చూసింది, ఆసుపత్రిలో మొదటిరోజు. "బండి కూసిందా?" అని అడిగితే లేదన్నట్టు ఊపాడు. మర్నాడు అదే ప్రశ్న అడిగితే కూసిందన్నట్టు నిలువుగా ఊపాడు. "నిన్న నాతో అబద్ధమాడావన్నమాట" అని ఆమె ఆ మంచం పక్కనే నిలబడి వాణ్ణి కడిగేసింది.

మిలాదిస్ వంగి నల్లపిల్లను ఆన్ చేసింది. అది కుయ్‌మని ఒకసారి పలికింది. ఆమె రెండు చేతులతో పిడి పట్టి, దాన్ని నేల మీంచి పైకి లేపింది.

"అక్కా, ఏంటది?" అన్నాడు ఎర్సీలియో. నవ్వులు ఆగిపోయాయి.

గాల్లోకి లేపి ముందుకు వంచితే ఒంటిచక్రం తనంతట తాను తిరుగుతుంది. మోసే బరువు లేదు కాబట్టి చూస్తూండగానే హద్దు దాకా పోతుంది, కూత పెడుతుంది, ఆగిపోతుంది. కొట్లో కొత్త బండి కొనేటప్పుడు ఎవరైనా చేసే పనే. చేతికి చెయ్యిగా ఇచ్చిన బండికి మాత్రం ఆ జాగాలో ఎవరూ, ఎప్పుడూ చెయ్యలేదు.

ఆమె వంచింది. చక్రం గిర్రున తిరిగి, రొద పెరిగి పెరిగి, చేతులు అదిరిపోయేంత అయింది. తర్వాత ఒక్కసారిగా చచ్చిపోయినట్టు ఆగింది. మధ్యలో కూత లేదు. సరిగ్గా అప్పుడే పైన రైలు పోయింది.

"రైలు చప్పుడులో వినపడలేదులే" అన్నాడు రదమేస్. "దించమ్మా. ఆడవాళ్ళు మొయ్యగలిగే బరువా అది?"

ఆడవాళ్ళు మొయ్యలేని బరువట! రోజూ తనకంటే బరువైన ముసలివాళ్ళను మంచం మీంచి కుర్చీలోకి ఎత్తి కూర్చోబెట్టే మనిషితో అంటున్న మాట అది. మిలాదిస్ రైలు పూర్తిగా పోయేదాకా నిలబడింది. మళ్ళీ ఆన్ చేసింది, మళ్ళీ కుయ్‌మంది, మళ్ళీ లేపి వంచింది. రొద, తర్వాత చావు. కూత లేదు.

నల్లపిల్లను కింద పెట్టి, తన చిన్నదాన్ని లేపింది. అది సగం వేగానికే కెవ్వుమని మొదలుపెట్టి, చిమీ రొట్టెలు కాల్చే బండి దగ్గర పడుకున్న కుక్క లేచి మొరిగేదాకా అరిచింది.

"ఇది కూసింది. అది కూయలేదు" అంది మిలాదిస్. "ఎందుకన్నా?"

"పాతదయిపోయింది కదా. ఆ పడ్డప్పుడు లోపల స్పీకర్ పోయుంటుంది."

"స్పీకర్ పోతే ఆన్ చేసినప్పుడు కుయ్‌మన్నదెవరు? మీరా?"

ఎవరో కిసుక్కుమని, వెంటనే నోరు మూసుకున్నారు.

"ఫోన్ తియ్యండి. అందులో ఈ బండి సెట్టింగులు చూపించండి."

"ఛార్జింగ్ లేదు."

"రదమేస్, ఫోన్ తియ్యి."

ఇన్నేళ్ళలో ఆమె ఆయన్ని మీరు తప్ప అనలేదు, పేరు పెట్టి పిలిచింది లేదు. ఆ రెండూ ఒక్క మాటలో పోయాయి. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రదమేస్ చెయ్యి జేబు దాకా వెళ్ళి అక్కడే ఆగింది.

ఎర్సీలియో తన ఫోన్ తీసి నల్లపిల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఏ ఫోన్ కలిపినా బండి తన సంగతులు చెబుతుంది. ఎవరు ఏం మార్చినా అది బండిలోనే ఉండిపోతుంది, ఫోన్లో కాదు. వాడు వేలితో జరుపుతూ చూశాడు. మామూలుగా చూసింది చూసినట్టు గట్టిగా అరిచే మనిషి, ఈసారి గొంతు తగ్గించి చెప్పాడు.

"అలారాలన్నీ ఆపేసున్నాయక్కా. ఒక్కటి కూడా లేదు."

మిలాదిస్‌కు ఒళ్ళంతా మంట ఎక్కింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి గానీ అవి ఏడుపు నీళ్ళు కావు. మనిషికి మరీ కోపమొస్తే అక్కడి నుంచి కూడా ఆవిరి పోతుంది.

"ఎప్పుడు ఆపావు?"

"నాకు కూత అక్కర్లేదమ్మా" అన్నాడు రదమేస్. "మీరెవరూ చక్రం మొహం చూడకముందు నుంచి తొక్కుతున్నాను. హద్దు ఎక్కడుందో నా పాదాలకు తెలుస్తుంది."

"నీ పాదాలకు తెలుస్తుంది. మావాడి కాళ్ళకి నీ పాదాలు అతికించి పంపావా?"

"ఇచ్చేటప్పుడు మర్చిపోయాను."

"మర్చిపోయావు. సరే. మనుషులన్నాక మర్చిపోతారు. బ్యాటరీ అడుగంటి ఉందని చెప్పడమూ మర్చిపోయావు, అదీ సరే. మర్నాడు గుర్తొచ్చిందా, లేదా?"

రదమేస్ నేల చూశాడు.

"అడుగుతున్నాను. గుర్తొచ్చిందా, లేదా? ఆసుపత్రికి పూలు పట్టుకుని వచ్చావు. మా అమ్మ నీకు కాఫీ కలిపిచ్చింది. నువ్వున్నావు కాబట్టి ధైర్యంగా ఉంది బాబూ అని నీ చెయ్యి పట్టుకుంది. ఆ కాఫీ తాగుతున్నప్పుడు గుర్తుందా? తర్వాత ఇక్కడికొచ్చి ఇదిగో, ఈ స్తంభం పక్కనే నిలబడి, బండి కూసింది, కుర్రాడే వినలేదు అన్నావు. కూసిందని నువ్వెలా చెప్పావు? పక్కనున్నావా?"

"లేను."

"విన్నావా?"

"లేదు."

"మరి?"

"ఏదో ఒకటి చెప్పాలి కదా" అన్నాడు రదమేస్. అన్నాక ఆ మాట ఎంత నీచంగా ఉందో ఆయనకే వినపడినట్టుంది, పెదవులు తడుపుకున్నాడు. "పిల్లలందరూ నన్ను చూసి నేర్చుకుంటున్నారు. నేనే తప్పు చేశానంటే..."

"నీ పరువు కోసం!" మిలాదిస్ గొంతు పట్టాల కింద మోగింది. "నీ పరువు నిలబడ్డం కోసం నా తమ్ముణ్ణి ఈ ఊరంతటికీ పోకిరీని చేశావు! నేనూ నమ్మానయ్యా. మూతికి తీగలు కట్టుకుని పడుకున్నవాణ్ణి పట్టుకుని, నీలాంటి పనికిమాలినవాడు ఏ ఇంట్లోనూ పుట్టకూడదని అన్నాను. వాడు తిరిగి ఒక్క మాట అనలేదు. అనడానికి నోరెక్కడిది వాడికి?"

"అక్కా..." అన్నాడు ఎర్సీలియో.

"నువ్వు నోర్ముయ్యి! కుక్కర్ కుక్కర్ అని ఎగతాళి చేసింది నువ్వు కాదూ? మీరందరూ కాదూ? కూసే బండి తొక్కితే చిన్నతనమని ఎంతమంది అలారం ఆపుకున్నారు ఇక్కడ? చెయ్యెత్తండి చూద్దాం!"

ఎవరూ చెయ్యెత్తలేదు. వెనక వరసలో ఒకడు పక్కకు తిరిగి, వీపు అడ్డం పెట్టుకుని ఫోన్ తీశాడు. కాసేపటికి వాడి బండి కుయ్‌మంది. ఇంకో మూల ఇంకోటి. తర్వాత మరోటి. ఎర్సీలియో కూడా లేచి వెళ్ళి తలొంచుకుని తన బండి మీదికి వంగాడు. ఇంకో సమయంలోనైతే మిలాదిస్‌కు నవ్వొచ్చేది.

ఆమె నల్లపిల్ల పిడి పట్టి ఈడ్చుకొచ్చి రదమేస్ కాళ్ళ ముందు నిలబెట్టింది.

"ఎక్కు."

"ఏంటి?"

"ఎక్కమంటున్నాను. ఎర్సీలియో, బ్యాటరీ ఎంతుందో చూడు. తక్కువేగా? మంచిది, ఆవేళా తక్కువే. వంతెన ఎక్కడికీ పోలేదు, ఆ ఎత్తూ అక్కడే ఉంది. మావాడు ఎంత వేగంగా పోయాడో నువ్వూ అంత వేగంగా పోయి రా. నీ పాదాలకు తెలుస్తుందిగా!"

రదమేస్ ఆ పలకల వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా మెట్టు ఎక్కినంత తేలిగ్గా ఎక్కిన పలకలవి. కుడికాలు కొంచెం లేపి మళ్ళీ నేల మీదే పెట్టుకున్నాడు. వెనక వరసలో వాడు కూడా చూశాడు, చిమీ అమ్మేవాడు గరిటె పట్టుకుని చూశాడు.

"ఆ రోజు నుంచి దాన్ని ముట్టుకోలేకపోతున్నానమ్మా" అన్నాడు చివరికి. "బాగుచేసే వాడి దగ్గరి నుంచి కూడా వేరేవాళ్ళ చేత తెప్పించాను. అలారం పెట్టడానికి కూడా చెయ్యి రాలేదు."

"ముట్టుకోలేనిదాన్ని నాకిస్తావా?"

రదమేస్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నేనెక్కేదాన్ని ఇవాళ! ఎక్కి రేపు పొద్దున పనికి పోయేదాన్ని. ఆ వంతెన మీదే రోజుకి రెండుసార్లు పోవాలి నేను. నేను మొహం పగలగొట్టుకుని పడితే అప్పుడేం చెప్పేవాడివి? బండి కూసింది, చెల్లెమ్మే వినలేదనా?"

"నీకు పెద్ద బండి అవసరమని, కనీసం ఆ మేలైనా..."

"నీ మేలు నది పాలు చెయ్యి!" ఆమె నల్లపిల్లను కాలితో తోసింది. అది పక్కకు పడి, కింద గులకరాళ్ళలో చక్రం కాసేపు గింజుకుని ఆగింది. "నాకు నీ బండి వద్దు. నా కుక్కర్ చాలు. అరిచి చెబుతుంది, అదే పెద్ద మర్యాద. ఇప్పుడు నువ్వొక పని చెయ్యి. ఇదే స్తంభం పక్కన నిలబడి, వీళ్ళందరి ముందు, విల్కిన్ తప్పేమీ లేదని గట్టిగా చెప్పు."

"చెబుతాను" అన్నాడు రదమేస్. "విల్కిన్ తప్పేమీ లేదు. బండి కూయలేదు. కూత ఆపింది నేను. చాలా?"

"నెల ఆలస్యంగా వచ్చింది."

"మొదటి వారమే చెప్పేవాణ్ణి." ఆయన తలెత్తాడు. అంతసేపటికి మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "వాడే చెప్పొద్దన్నాడు."

"ఎవడు?"

"మీవాడే. వాడికి మొదటి నుంచీ తెలుసమ్మా. మర్నాడు నేనొక్కణ్ణే ఆసుపత్రికి పోయి, మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఏం చేస్తే నీ మనసు చల్లబడుతుందో చెప్పరా, చేస్తానన్నాను."

"వాడేం చెబుతాడు? వాడికి నోరే లేకపోతే!"

"ఫోన్ తీసి బొమ్మ చూపించాడు" అన్నాడు రదమేస్. "నా కొత్త బండి బొమ్మ."

మిలాదిస్‌కు ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. ఎక్కాక ఒక్కొక్కటే వరసగా కనిపించాయి. మొదటిరోజు అడ్డంగా ఊపిన తల, రెండోరోజు నిలువుగా ఊపిన తల. ఆమె తిడుతున్నంతసేపూ వాడు కిక్కురుమనకుండా పడి ఉండటం. పొద్దున మణికట్టు పట్టుకుని, ఆపై వదిలేసి గోడ వైపు తిరగడం.

"అంటే ఆ కొత్తది..." అన్నాడు ఎర్సీలియో.

"వచ్చి పదిహేను రోజులైంది. అది వాడికిస్తే నిజం మా ఇద్దరి మధ్యే ఉండిపోతుందని బేరం. మా బావమరిది మంగలిషాపు వెనక గదిలో దాచుకున్నాడు మీవాడు. దవడ నయమయ్యేదాకా ముట్టుకోనని ఒట్టేశాడు నాకు. నువ్వెక్కే లోపు నల్లపిల్లకు కూత పెట్టిస్తానని నేనూ వాడికి ఒట్టేశాను."

తీగల మూతితో తమ్ముడు తన పరువును బేరం పెట్టాడు. సరే, అది వాడి పరువు, వాడిష్టం. కానీ అక్క ఈ మూగ బండి మీద వంతెన ఎక్కబోతోందని తెలిసి కూడా, ఈయన ఒట్టును నమ్ముకుని చెయ్యి వదిలేశాడు. వాడి గొంతు పట్టుకోవాలన్నంత కోపం వచ్చింది మిలాదిస్‌కు. ఇంటికి పోవాలి, ఆ పులుసు గిన్నె వాడి నెత్తిన కుమ్మరించాలి. ఆమె తన చిన్న బండి కోసం వంగింది.

అప్పుడు వినపడింది కూత.

ముందు సన్నగా, నది వైపు నుంచి. ఎవరో మళ్ళీ అలారం పెట్టుకుంటున్నారేమో అనుకున్నారు. కానీ అది ఆగలేదు. పెద్ద గొంతు, ఆ గుంపులో ఎవరి బండికీ లేని గొంతు. అందరూ ఒకేసారి వంతెన వైపు తిరిగారు.

వంతెన దిగుడులో, కార్ల వరస పక్కనే, ఎవరూ ఇంతకుముందు చూడని పెద్ద చక్రం ఒకటి దూసుకొస్తోంది. దాని మీద విల్కిన్. హెల్మెట్ లేదు. ఒళ్ళంతా ముందుకు పడేసి వంగి ఉన్నాడు. అక్క కాళ్ళ దగ్గర పడి ఉన్న నల్లపిల్లను ఆ దూరం నుంచి చూశాడో లేదో తెలియదు గానీ, ఎక్కొద్దు ఎక్కొద్దన్నట్టు రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. తీగలు కట్టిన నోటితో అరవలేడు.

"వెనక్కి వాలు!" అని రదమేస్ పరుగెత్తాడు. "విల్కిన్! వెనక్కి వాలరా!"

మిలాదిస్ కూడా అరిచింది. ఏమని అరిచిందో ఆమెకే తెలియదు. వాడు ఇంకా ముందుకే వంగాడు.

ఈసారి బండి కూస్తోంది. కుర్రాడే వినడం లేదు.